మలివెలుగు కోసం ఎనిమిది గంటలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యవర్గం వాళ్లు ఫోన్ చేసి, "ఏదైనా మాట్లాడు గానీ నీ ఉద్యోగం గురించి మాత్రం వద్దు" అన్నారు. న్యాయమే. వెల్డింగ్ అతుకులకు ఎక్స్‌రే తీసి లోపల పగులుందో లేదో చూడటం నా ఉద్యోగం. బాయిలర్ గొట్టాలు, ప్రెషర్ వెసెళ్లు, పైపులైన్లు, ముప్ఫై ఏళ్లుగా ఇదే పని. ఫిల్ము మీద సన్నని నల్ల గీత కనిపిస్తే అది పగులా, ఫిల్ముకు పడ్డ గీరుడా అని కాంట్రాక్టరుతో తెల్లారేదాకా వాదించడం అందులో ముఖ్య భాగం. అది మీకెందుకు? అందుకని ఎక్స్‌రేలను వదలకుండా చోటు మాత్రం మార్చాను. ఈ రోజు మాట్లాడబోయే ఎక్స్‌రేలు మనిషి తీసినవి కావు, ఆకాశం నుంచి వచ్చినవి.

తేదీ 1997 ఫిబ్రవరి 28, శుక్రవారం. ఫిబ్రవరి 28 అనగానే ఇక్కడున్న సైన్సు టీచర్లందరికీ వెలుగుతుంది: సర్ సి.వి. రామన్ పేరుమీద మనం జరుపుకునే జాతీయ సైన్సు దినోత్సవం. ఆ రోజు మన గడియారాల్లో ఉదయం ఎనిమిదిన్నరకు రెండు నిమిషాల ముందు, బళ్లలో పిల్లలు చార్టులు అంటిస్తున్న వేళ, మృగశిర నక్షత్రానికి కాస్త పడమరగా, ఓరియన్ రాశిలోని ఒక చోటు నుంచి గామా కిరణాల జల్లు ఒకటి భూమిని దాటిపోయింది. అంతా కలిపి ఎనభై సెకన్లు. ఆ ఎనభై సెకన్లు అయిపోయాక అక్కడ ఇంకా ఏమైనా మిగిలిందా అని చూడటానికి కొంతమంది పడ్డ హడావిడే ఈ కథ.

ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి. 1963లో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ కలిసి గాలిలో, నీటిలో, అంతరిక్షంలో అణుపరీక్షలు చేయబోమని ఒప్పందం చేసుకున్నాయి. సంతకం పెట్టినవాళ్లు ఒకరినొకరు నమ్మారా అంటే, లేదు. అణుబాంబు పేలితే గామా కిరణాలు వస్తాయి కాబట్టి వాటిని పసిగట్టడానికి అమెరికా వేలా అనే ఉపగ్రహాలను జంటలుగా పైకి పంపింది. 1967 జులై 2న వాటికి ఒక జల్లు తగిలింది. బాంబు పేలుడులా లేదది. కొన్నేళ్లు లెక్కలు కట్టి చూస్తే అలాంటివి ఇంకా దొరికాయి. భూమి నుంచి కాదు, సూర్యుడి నుంచీ కాదు. లాస్ అలమోస్ ప్రయోగశాలకు చెందిన క్లెబెసాడెల్, స్ట్రాంగ్, ఓల్సన్ 1973లో ఆ విషయాన్ని ప్రకటించారు. అపనమ్మకంతో పెట్టిన కాపలా కళ్లకు, ఎవరూ ఊహించనిది చిక్కింది.

ఆ తర్వాత పాతికేళ్లూ అయోమయమే. ఈ మెరుపులు ఎక్కడివి అన్నదానికి వందకు పైగా సిద్ధాంతాలు పుట్టాయి. పెళ్లిచూపుల్లో సంబంధాల్లాగ, వచ్చినవి వచ్చినట్టే వెళ్లాయి. చిక్కు ఎక్కడుందంటే, ఒక దీపం మనకు ఇంత వెలుగుగా కనిపిస్తోందంటే అది పక్కవీధిలో ఉన్న అగరొత్తి కావచ్చు, పక్క ఊరిలో ఉన్న సెర్చిలైటూ కావచ్చు. దూరం తెలిస్తే తప్ప తేలదు. మన లెక్కల మాస్టారు చెప్పినట్టు, దూరం పదింతలైతే కావలసిన శక్తి వందింతలు. గామా కిరణాలతో ఒక ఇబ్బంది ఏమిటంటే, అవి ఏ దిక్కు నుంచి వచ్చాయో కచ్చితంగా తెలుసుకోవడం చాలా కష్టం. వాటిని అద్దంతో మళ్లించలేం, కటకంతో కూర్చలేం. మా వృత్తిలో ఇరిడియం-192 వాడతాం. అది ఎటు తిరిగినా ఎదురుగా సీసం అడ్డం పెట్టుకుని బతకడమే తప్ప, దాని కిరణాలను వంచి పక్కకు పంపడం ఎవరి తరమూ కాదు.

1991లో అమెరికా వాళ్లు కాంప్టన్ అనే పెద్ద గామా అబ్జర్వేటరీని పైకి పంపారు. అందులోని బాట్సీ అనే పరికరం దాదాపు రోజుకొకటి చొప్పున తొమ్మిదేళ్లలో 2,704 మెరుపులను పట్టింది. వాటిని ఆకాశపటం మీద గుర్తులు పెడితే, నేలమీద ఆవాలు చల్లినట్టు అన్ని వైపులా సమానంగా పడ్డాయి. మన పాలపుంతలోవే అయితే పాలపుంత పట్టీ వెంబడి గుంపుగా ఉండాలి కదా! లేవు. కానీ దాంతోనూ వాదం తెగలేదు. 1995 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో దీని మీద బహిరంగంగా చర్చ పెట్టారు. మార్టిన్ రీస్ మధ్యవర్తి. ఇవి ఎక్కడో వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతలివి అని బోదాన్ పచిన్‌స్కీ వాదించారు. కాదు, మన పాలపుంత చుట్టూ దూరంగా ఆవరించి ఉన్న వలయంలోనివే అని డొనాల్డ్ లాంబ్ వాదించారు. ఇద్దరి లెక్కల మధ్య దూరంలో తేడా సుమారు పదివేల రెట్లు. అంటే శక్తిలో తేడా పది కోట్ల రెట్లు! నా సైటులో ఎస్టిమేటుకు, బిల్లుకు పది శాతం తేడా వస్తేనే ఆడిట్ వాళ్లు నిద్రపోనివ్వరు. ఇక్కడ మహామహుల మధ్య పది కోట్ల రెట్లు.

బాట్సీ తప్పేమీ లేదు. అది ఒక మెరుపును చూపించినప్పుడు "ఇదిగో ఈ చుట్టుపక్కల" అని చెప్పేది. ఆ "చుట్టుపక్కల" అన్నది ఎంతంటే, అడ్డంగా పున్నమి చందమామలు పదికి పైగా పేర్చినంత. అందులో నక్షత్రాలు, గెలాక్సీలు లక్షల్లో ఉంటాయి. టెలిస్కోపు ఎక్కడ పెట్టి చూడాలి? పైగా మెరుపు సెకన్లలో ఆరిపోతుంది.

ఇక్కడే సిద్ధాంతవేత్తలు ఒక ఆశ చూపించారు. అంత శక్తి ఒక్క చోట నుంచి చిమ్మితే, చిమ్మిన పదార్థం దాదాపు కాంతి వేగంతో పోయి చుట్టూ ఉన్న పలచని వాయువును గుద్దుకోవాలి. ఆ గుద్దుడు తరంగంలో ఎలక్ట్రాన్లు ఉరకలెత్తి, అయస్కాంత క్షేత్రంలో మెలికలు తిరుగుతూ ముందు ఎక్స్‌రేలను, ఆ పైన మామూలు కాంతిని, చివరకు రేడియో తరంగాలను వెదజల్లాలి. అంటే మెరుపు పోయినా గంటలు, రోజులు కొంత వెలుగు మిగలాలి. పీటర్ మెస్జారోస్, మార్టిన్ రీస్ ఈ లెక్కను అచ్చు వేసింది 1997 ఫిబ్రవరిలోనే, అంటే అసలు సంఘటనకు కొన్ని వారాల ముందు. ఇంగ్లీషులో దీన్ని ఆఫ్టర్‌గ్లో అంటారు. నేను మలివెలుగు అంటున్నాను. మన తెలుగు మాస్టారు ఉండి ఉంటే ఒప్పుకునేవారో, ఇంకో మంచి మాట చెప్పేవారో. ఆరిపోతున్న నిప్పులాంటిది అని కొందరు రాస్తారు గానీ, అది సరికాదని నా ఉద్దేశం. నిప్పు తన వేడి తాను పోగొట్టుకుంటుంది. ఇది అలా కాదు. గుంపులోకి దూసుకుపోయిన వాడు ఎదురొచ్చిన వాళ్లందరినీ తోసుకుంటూ, తోస్తూ తోస్తూ నెమ్మదించడం లాంటిది.

సరే, ఎక్స్‌రేలు చూడాలంటే పైకి వెళ్లక తప్పదు. మన వాతావరణం వాటిని కిందికి రానివ్వదు. రానిస్తే మనం ఉండేవాళ్లం కాదు కాబట్టి ఫిర్యాదు లేదు. హైదరాబాదు వాళ్లకు ఈ సంగతి ఎరుకే. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్లు అక్కడి నుంచి 1960ల చివరి నుంచీ పెద్ద పెద్ద ప్లాస్టిక్ బెలూన్లకు ఎక్స్‌రే టెలిస్కోపులు కట్టి పైకి వదులుతున్నారు. "పారాచూట్‌తో పొలాల్లో పెట్టెలు పడితే ముట్టుకోవద్దు, దగ్గరలోని పోలీస్ స్టేషన్‌లో తెలపండి" అని పేపర్లో ప్రకటన పడేది. మీలో చాలామంది చదివే ఉంటారు. ఆ పెట్టెలు ఇవే. కానీ బెలూన్ కొన్ని గంటలే ఉంటుంది. ఎప్పుడు వస్తుందో తెలియని మెరుపుకు అది చాలదు.

ఇటలీ, నెదర్లాండ్స్ కలిసి తయారు చేసిన బెప్పోసాక్స్ అనే ఉపగ్రహం 1996 ఏప్రిల్ 30న ఎగిరింది. బెప్పో అన్నది జుసెప్పె ఒక్కియాలీని అనే గొప్ప ఇటాలియన్ భౌతిక శాస్త్రవేత్త ముద్దుపేరు. 1980ల తొలి రోజుల్లో మొదలైన ప్రాజెక్టు 96లో గానీ లేవలేదు. మన దగ్గరా అలాంటివి చూశాం, ఆశ్చర్యపోనక్కర్లేదు. ఈ ఉపగ్రహం పెట్టింది గామా మెరుపుల కోసం కాదు. ఎక్స్‌రేలు వెదజల్లే నక్షత్రాలను, గెలాక్సీలను తీరిగ్గా కొలవడానికి. మెరుపులన్నది కొసరు. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఆ కొసరే. టీచర్లు అనుమతిస్తే అక్కడ కాసేపు ఆగుతాను.

అందులో ఒక డిటెక్టర్ ఉంది. చుట్టుపక్కల నుంచి వచ్చే అనవసరపు కిరణాలు దానిలో దూరి లెక్క పాడుచేయకుండా, దాని నాలుగు పక్కలా సీజియం అయొడైడ్ పలకలు నిలబెట్టారు. ప్రహరీగోడ అనుకోండి. మామూలు గోడ కాదు, తగిలితే మినుక్కుమనే గోడ. గోడ మినుక్కుమన్న క్షణంలో లోపలి డిటెక్టర్‌లో ఏదైనా నమోదైతే, దాన్ని చెత్త కింద పారేస్తారు. మేమూ అంతే, బ్యాక్‌గ్రౌండ్ లెక్కను తీసి అవతల పడేస్తాం, మళ్లీ దాని మొహం చూడం. ఎన్రికో కోస్టా, ఫిలిప్పో ఫ్రొంటేరా, వాళ్ల బృందం అడిగిన ప్రశ్న ఇది: పారేస్తున్న ఆ మినుకులనే లెక్కపెడితే? గోడ పెద్దది, నలుదిక్కులా ఉంది, గామా కిరణాలు తగిలితే మెరుస్తుంది. దానికి విడిగా కొంత ఎలక్ట్రానిక్స్ తగిలిస్తే అదే మెరుపుల కాపలాదారు అవుతుంది. తగిలించారు. చెత్తబుట్ట కాస్తా పరికరం అయింది.

గోడ "మెరుపు వచ్చింది" అంటుంది, ఎక్కణ్ణుంచో చెప్పలేదు. ఎక్కణ్ణుంచో చెప్పేవి డచ్చివాళ్లు చేసిన రెండు విశాలక్షేత్ర కెమెరాలు. ఒక్కోటి ఆకాశంలో ఇంచుమించు ఇరవై అయిదో వంతును ఒకేసారి చూస్తుంది. వాటిలో కటకం లేదు, చిల్లుల పలక ఉంది. చిల్లులు అడ్డదిడ్డంగా ఉన్నట్టు కనిపిస్తాయి గానీ లెక్క ప్రకారమే ఉంటాయి. ఎండలో జల్లెడ పట్టుకుంటే నేలమీద చుక్కల నీడ పడుతుంది కదా, ఎండ వాలు మారితే నీడ పక్కకు జరుగుతుంది. ఎంత జరిగిందో కొలిస్తే సూర్యుడు ఎక్కడున్నాడో చెప్పొచ్చు, సూర్యుడి వైపు చూడకుండానే. అదే సూత్రం. ఇలా మెరుపు చోటును చందమామ వెడల్పులో ఐదో వంతు వరకు కుదించవచ్చు. ఈ రెండు కెమెరాలూ ఎటు చూస్తున్నాయో, నాలుగు గోడల్లో రెండు గోడలూ సరిగ్గా అటే మొహం పెట్టి ఉన్నాయి. కొన్ని పుస్తకాల్లో ఈ ఆవిష్కరణను అదృష్టం అని రాస్తారు. గోడ, కెమెరా ఒకే దిక్కుకు అమర్చి ఉన్న డ్రాయింగు చూసినవాడెవడూ ఆ మాట అనడు.

ఇక మూడోది, అసలు టెలిస్కోపులు. ఎక్స్‌రే నేరుగా అద్దం మీద పడితే లోపలికి దిగిపోతుంది. చెరువులో పెంకు విసిరే ఆట మనందరం ఆడిందే. నిటారుగా వేస్తే బుడుంగున మునుగుతుంది, నీటిని రాసుకుంటూ వేస్తే కప్పగంతులు వేస్తూ పోతుంది. ఎక్స్‌రేలకూ అదే మర్యాద. అందుకని బంగారు పూత పూసిన పలచని గొట్టాలను ముప్ఫైని ఒకదానిలో ఒకటి, ఉల్లిపొరల్లా అమర్చారు. కిరణం గొట్టం గోడను రాసుకుంటూ పోయి కొసన ఒక చుక్క దగ్గర కూడుతుంది. చూపు పదును, కానీ చూసేది ఇంత చిన్న చోటే. పైగా అవి కెమెరాలకు అడ్డంగా తొంభై డిగ్రీల కోణంలో ఉన్నాయి. అంటే కెమెరా పక్కచూపుతో చూసినదాన్ని టెలిస్కోపుతో చూడాలంటే ఉపగ్రహమంతా పక్కకు తిరగాలి. తిరిగేటప్పుడు సోలార్ పలకలకు ఎండ తప్పకూడదు.

మీటలు, మోటార్లు పక్కన పెట్టండి. నాలాంటివాడికి తెలిసిన అసలు కష్టం ఇంకోటి ఉంది. ఉపగ్రహం ఏ గంటకు ఎటు చూడాలన్నది ముందే ఖరారై ఉంటుంది. ఆ సమయం కోసం ఎవరో శాస్త్రవేత్త నెలల ముందు దరఖాస్తు పెట్టుకుని ఉంటాడు. దాన్ని మధ్యలో ఆపి, "ఉందో లేదో తెలియదు గానీ ఒకసారి అటు తిప్పండి" అని అడగాలి. ఆ రోజు డ్యూటీలో ఉన్నవాడు అడగాలి. భూమధ్యరేఖ మీదుగా గంటన్నరకు పైచిలుకు సమయంలో ఒక చుట్టు తిరిగే ఆ ఉపగ్రహానికి నేలమీద చెవి ఒక్కటే, కెన్యాలో మాలిందీ దగ్గర. చుట్టుకొకసారి ఆ చెవి మీదుగా పోయే కొద్ది నిమిషాల్లోనే డేటా దిగాలి, ఆదేశం ఎక్కాలి. ఒక పాస్ తప్పితే మళ్లీ గంటన్నర.

జనవరి 11న ఒక మంచి మెరుపు వచ్చింది. రోములో కూర్చున్న బృందం పదహారు గంటల్లో టెలిస్కోపులను అటు తిప్పింది. చెప్పుకోదగ్గది ఏమీ దొరకలేదు. మెరుపు ఎంతో ప్రకాశంగా ఉంది, తర్వాత చూస్తే శూన్యం! మనమైతే ఏం చేస్తాం? ఇవి తోక మిగల్చవు, సిద్ధాంతం తప్పు అని ఫైలు మూసేస్తాం. పైవాడు మూయించేస్తాడు కూడా. వాళ్లు మాత్రం పదహారు గంటలు ఎక్కడెక్కడ ఖర్చయ్యాయో విప్పి చూశారు. డేటా చూడటం, చోటు లెక్కకట్టడం, కొత్త ప్రణాళిక రాయడం, ఆదేశం పంపడం, అన్నిచోట్లా కోతపెట్టారు.

ఇప్పుడు ఫిబ్రవరి 28. రోములో తెల్లవారుజామున నాలుగు కొడుతోంది. గోడ మినుక్కుమంది. ఒక కెమెరాలోనూ అదే క్షణంలో ఎక్స్‌రేలు ఎగిశాయి. డేటా మాలిందీలో దిగి రోముకు చేరింది. చోటు లెక్కకట్టారు, ప్రణాళిక తిరగరాశారు, ఆదేశం ఎక్కింది. మెరుపు వచ్చిన ఎనిమిది గంటలకు ఉపగ్రహం ఆ చోటువైపు తిరిగి నిలబడింది. మనకు సాయంత్రం నాలుగున్నర దాటింది. అయిదింటికి పార్లమెంటులో చిదంబరం గారు బడ్జెట్ మొదలుపెట్టారు, తర్వాత డ్రీమ్ బడ్జెట్ అని పేరుపడ్డది అదే. నాకు ఆ సాయంత్రం బాగా గుర్తు. ఒక థర్మల్ స్టేషన్ నిర్మాణంలో పని. రేడియోగ్రఫీ రాత్రిళ్లే చేస్తాం, చుట్టూ జనం ఉండరని. షిఫ్టు మొదలయ్యేలోపు క్యాంటీన్‌లో అందరం రేడియో చుట్టూ మూగి ఇన్‌కమ్ టాక్స్ ఎంత తగ్గిందా అని వింటున్నాం. ఆ వేళకే అక్కడ పైన, అంతకుముందు ఏ పటంలోనూ లేని ఒక ఎక్స్‌రే చుక్క దొరికింది. దాని నుంచి టెలిస్కోపుకు అందుతున్న ఎక్స్‌రేలు నిమిషానికి వేళ్లమీద లెక్కపెట్టేన్ని.

కొత్త చుక్క దొరికితే చాలా? చాలదు. ఆ చోట ఎప్పటినుంచో ఉన్న ఏదో మసక గెలాక్సీ కావచ్చు, ఇంతకుముందు ఎవరూ ఇంత పదునుగా చూడకపోవచ్చు. ఫిల్ము మీద గీత పగులా, గీరుడా అన్న నా పాత తగాదానే ఇది. దానికి మా దగ్గర ఒకటే మందు, మళ్లీ తీసి చూడటం. మార్చి 3న వాళ్లు మళ్లీ చూశారు. చుక్క ఉంది, కానీ ఇరవయ్యో వంతుకు పడిపోయింది.

ఇక్కడ నల్లబల్ల కావాలి గానీ మాటల్లోనే చెప్తాను. రేడియోధార్మికతలో అర్ధాయువు ఉంటుందని పదో తరగతిలో చదువుకున్నాం. మా ఇరిడియంకు 74 రోజులు. ప్రతి 74 రోజులకూ సగం, సగంలో సగం. ఈ మలివెలుగుకు అలాంటి అర్ధాయువు లేదు. దీని పద్ధతి వేరు. మెరుపు నుంచి గడిచిన కాలం పదింతలైతే వెలుగు ఇరవయ్యో వంతు అవుతుంది. ఎనిమిది గంటలకు ఇంత ఉంటే, ఎనభై గంటలకు, అంటే మూడు రోజుల పైచిలుకుకు, అందులో ఇరవయ్యో వంతు. లాగ్ గ్రాఫు కాగితం మీద వేస్తే సరళరేఖ. మార్చి 7న జపాన్ ఉపగ్రహం ఆస్కా చూసింది, 10 తర్వాత జర్మనీ వాళ్ల రోసాట్ చూసింది. ఆ చుక్కలూ ఆ గీత మీదకే వచ్చాయి. అంతకంటే గట్టి సాక్ష్యం ఇంకోటి: ఆ గీతను స్కేలు పెట్టి వెనక్కి, మెరుపు వచ్చిన నిమిషం దాకా పొడిగిస్తే, ఆ నిమిషంలో విశాలక్షేత్ర కెమెరా స్వయంగా కొలిచిన ఎక్స్‌రేల దగ్గరకే చేరింది. రెండు వేర్వేరు పరికరాలు, మధ్యలో ఎవరూ చూడని ఎనిమిది గంటలు, ఒకే గీత. ఇక ఆ చుక్క ఆ మెరుపు తాలూకుదే.

ఎక్స్‌రేలు దారి చూపించాక మిగతావాళ్లు అందుకున్నారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో యాన్ ఫాన్ పారడైస్ గారి దగ్గర పరిశోధన చేస్తున్న పాల్ గ్రోట్, టైటస్ గలామా ఆ చోటు వివరాలు అందగానే కానరీ దీవుల్లోని విలియం హెర్షెల్ టెలిస్కోపుతో ఆ రాత్రే ఫొటో తీయించారు. మెరుపు వచ్చి ఇరవై ఒక్క గంటలైంది. మార్చి 8న అదే చోటు మళ్లీ ఫొటో. రెండూ పక్కపక్కన పెడితే మొదటిదానిలో ఉన్న ఒక చుక్క రెండోదానిలో లేదు. ఆ చుక్క మన కంటికి కనిపించే అతి మసక నక్షత్రం కంటే పది లక్షల రెట్లకు పైగా మసక. అలాంటివి ఆ ఫొటోలో ఎన్నో. ఎక్కడ వెతకాలో ఎక్స్‌రేలు చెప్పకపోతే ఆ ఒక్కటి తప్పిపోయిందని ఎవరు కనిపెడతారు?

దూరం మాత్రం మే నెలలో తేలింది. మే 8న బెప్పోసాక్స్ ఇంకో మెరుపును పట్టింది. ఈసారి ఆరు గంటలలోపే తిరిగింది. హవాయి దీవుల్లోని కెక్ టెలిస్కోపుతో కాల్‌టెక్ బృందం ఆ మలివెలుగును వర్ణపటంగా విడగొట్టింది. అందులో మన కర్ణాటకకు చెందిన శ్రీనివాస్ కులకర్ణి ఉన్నారు, 2024లో షా బహుమతి అందుకున్నాయన. వర్ణపటంలో మెగ్నీషియం, ఇనుము తాలూకు గీతలు కనిపించాయి. అతినీల ప్రాంతంలో ఉండాల్సిన మెగ్నీషియం గీతలు జరిగి జరిగి ఆకుపచ్చ రంగు దగ్గరకు వచ్చాయి. విశ్వం వ్యాపిస్తున్న కొద్దీ వెలుగు సాగుతుంది కాబట్టి, ఆ జరుగుడే దూరానికి కొలత. ఆ వెలుగు మన దాకా రావడానికి పట్టిన కాలం సుమారు 700 కోట్ల ఏళ్లు. అది బయలుదేరేటప్పటికి భూమి లేదు, సూర్యుడూ లేడు. పచిన్‌స్కీ గెలిచాడు. ముప్ఫై ఏళ్ల ప్రశ్న పది వారాల్లో తేలింది.

ఫిబ్రవరి 28 మెరుపు దూరాన్ని కూడా తర్వాత కొలిచారు. అది అన్ని దిక్కులా సమానంగా చిమ్మిందనుకుంటే, ఆ ఎనభై సెకన్లలో వెలువడిన శక్తి, సూర్యుడు తన వెయ్యి కోట్ల ఏళ్ల జీవితంలో ఇచ్చేదానికి సుమారు పది రెట్లు. అసలు సన్నటి ధారలుగానే చిమ్ముతాయి కాబట్టి నిజంగా ఖర్చయ్యేది దీనికంటే బాగా తక్కువ. ఈ లెక్క విని ఇంట్లో మా ఆవిడ ఒకే మాట అడిగింది: "అంత శక్తి ఎవరికి ఉపయోగం?" నా దగ్గర జవాబు లేదు. కానీ అలాంటి పేలుళ్లలో కొన్ని మహా నక్షత్రాలు కూలిపోయినప్పుడు వస్తాయని, పొట్టి మెరుపులు కొన్ని రెండు న్యూట్రాన్ తారలు గుద్దుకున్నప్పుడు వస్తాయని ఈ మలివెలుగుల వల్లే తెలిసింది. అలాంటి గుద్దుళ్లలో బంగారం పుడుతుందని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నారు. ఈ మాట చెప్పాక ఆవిడ కాస్త ఆసక్తి చూపించింది.

1998లో బెప్పోసాక్స్ బృందానికి, ఫాన్ పారడైస్‌కు కలిపి బ్రూనో రొస్సీ బహుమతి ఇచ్చారు. మరుసటి ఏడాదే ఆయన పోయారు. ఉపగ్రహం 2002లో పని ఆపి, 2003 ఏప్రిల్‌లో వాతావరణంలో పడి కాలిపోయింది. ఆ తర్వాత 2004 నవంబరులో ఎగిరిన స్విఫ్ట్ ఎవరి ఆదేశం కోసమూ ఎదురుచూడదు. చోటు తానే లెక్కకట్టుకుని, తానే నిమిషం, నిమిషంన్నరలో తిరుగుతుంది. ఎనిమిది గంటల పని నిమిషంలో! అలా తిరిగి చూశాక తెలిసిందేమిటంటే, మొదటి గంటల్లో ఆ గీత అసలు సరళరేఖే కాదు. ముందు నిట్టనిలువున పడుతుంది, కాసేపు చదునుగా నడుస్తుంది, మధ్యలో ఉన్నట్టుండి ఎగుస్తుంది. 97లో ఎవరూ చూడని ఎనిమిది గంటల్లో ఇంత తతంగం ఉంది. స్విఫ్ట్ ఎక్స్‌రే టెలిస్కోపులోని అద్దాలు వేరే ప్రాజెక్టుకు చేయగా మిగిలినవి. స్టోర్సులో మంచి సామాను పారేయకూడదని నేను మా వాళ్లతో ఎప్పుడూ అంటూంటాను.

మన దేశం సంగతి అడుగుతారని తెలుసు. 1999 జనవరి 23న వచ్చిన గొప్ప మెరుపు మలివెలుగును నైనితాల్ టెలిస్కోపుతో మనవాళ్లు చూశారు. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్‌లోని కాడ్మియం జింక్ టెల్యూరైడ్ పరికరం పని మొదలుపెట్టిన తొలిరోజే ఒక గామా మెరుపును పట్టింది, అక్టోబరు 6న. అందులోనూ అదే తమాషా. దాని పక్కగోడలు తక్కువ శక్తి ఎక్స్‌రేలను ఆపుతాయి గానీ, ఎక్కువ శక్తివాటికి గాజులాగే. దాంతో వెనక నుంచి, పక్క నుంచి వచ్చే మెరుపులూ దొరుకుతాయి. ఇప్పటికి వందల్లో పట్టింది.

ఒక్కటి చెప్పి ముగిస్తాను, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. 2022 అక్టోబరు 9, ఆదివారం, ఆశ్వయుజ పౌర్ణమి. మన సమయం సాయంత్రం ఆరూ నలభై ఏడుకు ఇప్పటిదాకా మనిషి పరికరాలు నమోదు చేసిన మెరుపులన్నిటిలోకీ ప్రకాశమైనది వచ్చింది. సుమారు 190 కోట్ల ఏళ్ల ప్రయాణం చేసి వచ్చినా, భూమి పై వాతావరణంలోని అయనోస్ఫియర్‌ను కదిలించింది. దాని ఎక్స్‌రేలు మన పాలపుంతలోని ధూళి పొరల మీద చెదిరి, చెరువులో రాయి వేసినట్టు వలయాలు వలయాలుగా స్విఫ్ట్‌కు కనిపించాయి. ఆ క్షణంలో అది ఆకాశంలో ఎక్కడుందో నేను కూర్చుని లెక్కకట్టాను. దాదాపు మన నడినెత్తి మీద. ఆ సాయంత్రం మనమంతా చందమామను చూస్తున్నాం.

భోజనాల తర్వాత మన ఆటస్థలంలో దీపాలు ఆర్పించమని హెడ్మాస్టరు గారిని అడిగాను, ఒప్పుకున్నారు. ఓరియన్ తొమ్మిదింటికి బాగా పైకి వస్తుంది. మృగశిర, దానికి పడమరగా ఆ ఫిబ్రవరి 28 చోటు చూపిస్తాను. కంటికి ఏమీ కనిపించదు, ముందే చెప్తున్నాను. పిల్లలు ముందు నిలబడండి, ఫోన్ల టార్చిలు వేయకండి. మోకాళ్ల నొప్పులున్న మా బ్యాచ్ వాళ్లకు కుర్చీలు వేయిస్తాను.